మనిషి కావలెను

వార్తాపత్రికల లోపలి పుటలలో, పెండ్లిసంబంధముల ప్రకటనలకును ఇండ్లస్థలముల ప్రకటనలకును నడుమ, తపాలాబిళ్లకు మించని జాగాలో, ఒక ప్రకటన తఱచుగా కానవచ్చుచుండును: “ఇంటిలోనే ఉండి పెద్దావిడను చూచుకొనుటకు మనిషి కావలెను. భోజన వసతి కలదు.” గిడుగు రామమూర్తి పంతులుగారు లేవదీసిన వ్యావహారికభాషోద్యమము పత్రికలను, పాఠ్యపుస్తకములను, కడకు విశ్వవిద్యాలయములను సైతము జయించి దశాబ్దములు గడచినను, ‘కావలెను’, ‘కలదు’ అను ఈ రెండు క్రియలను మాత్రము చిన్నప్రకటనల కోటనుండి వెడలగొట్టజాలకపోయినది; గ్రాంథికమునకు మిగిలిన కడపటి విడిది అదియే కాబోలు. భాష మాట యటుండనిండు. ఆ రెండు వాక్యములలో చెప్పవలసిన పనియంతయు ‘చూచుకొనుట’ అను ఒక్క క్రియలో కూరబడియున్నది. తెల్లవాఱుజామున వీపునకు చేయి యూతయిచ్చి కూర్చుండబెట్టుట, ముఖము కడుగుట, మరుగుదొడ్డికి నడిపించుట, నడువలేనినాడు మంచముచెంతనే ఆ యేర్పాటు చేసి శుభ్రపఱచుట, నీళ్లు పోయుట, జడవేయుట, మాత్రలు వేళతప్పక యిచ్చుట, అన్నము మెత్తగా కలిపి పెట్టుట, పడకపుండ్లు పుట్టకుండ రెండేసి గంటల కొకమారు ప్రక్క తిప్పుట, రాత్రి పిలుపునకు లేచుట, నిన్న చెప్పిన కథనే నేడు మఱల చెప్పినను మొదటిసారి విన్నట్లు వినుట: ఇవన్నియు చూచుకొనుటయే. జీతమెంతయో, సెలవెన్నడో, రాత్రి ఎన్నిమారులు లేవవలెనో ప్రకటన చెప్పదు. అవి చేరినపిదప తెలియును. తెలిసినపిదప మనిషి నిలువదు. నెల తిరుగకముందే అదే ప్రకటన, అక్షరము మాఱకుండ, మఱల అచ్చుపడును.

సంస్కృతమున ఈ పనికి ‘శుశ్రూష’ యని పేరు. ఆ శబ్దమును విడదీసి చూచినచో ఒక చిత్రము కనబడును. ‘శ్రు’ ధాతువుపై ఇచ్ఛార్థమున ఏర్పడిన సన్నంతరూప మది. వినవలెనను కోరిక యని దాని మొదటి యర్థము. వినగోరుటనుండి చెప్పినమాట వినుటయు, చెప్పినమాట వినుటనుండి సేవచేయుటయు అర్థములుగా పుట్టినవి. తెలుగువాడు ఈ పనిని కంటి కప్పగించినాడు; సంస్కృతము చెవి కప్పగించినది. కన్ను తనకు తోచినదానిని చూచును. చెవి ఎదుటివాడు చెప్పినదానినే వినగలదు. పరిచారకుడు చేయవలసిన పనులేవో ముందుగా వ్రాసిపెట్టు ఆచారము క్రొత్తది కాదు. దానికి రెండువేలయేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్ర పొడవునను నేను వెదకినది ఒక్కటే: పట్టిక వ్రాసిన గంటము ఎవరి చేతిలో ఉన్నది? మంచముమీదివాని చేతిలోనికి అది ఎన్నడు వచ్చినది?

చరకసంహిత సూత్రస్థానమున పదునేనవ యధ్యాయమునకు ‘ఉపకల్పనీయ’ మని పేరు. వమన విరేచనాది శోధనకర్మలు మొదలుపెట్టుటకు ముందు వైద్యుడు సమకూర్చుకొనవలసిన సంభారములను అది చెప్పును. మొదట ఇల్లు: గట్టిదై, గాలి విసురునకు నేరుగా గుఱికాక ఒకవైపునుండి మాత్రము గాలి సోకునదై, పొగయు ఎండయు దుమ్మును చొరనిదై, నీళ్లును రోలును రోకలియు మరుగుచోటును స్నానపుచోటును వంటయిల్లును కలదై యుండవలెను. ఇల్లు కుదిరినపిమ్మట మనుష్యులు. శీలమును శౌచమును అనురాగమును నేర్పును గలిగి, ఏ పనికిని వెనుదీయనివారై యుండవలెనని మొదట సామాన్యముగా చెప్పి, అంతటితో తృప్తిపడక, శాస్త్రకారుడు పనులను పేరుపేరున విడదీసినాడు. పప్పును అన్నమును వండనేర్చినవాడు, స్నానము చేయించువాడు, ఒడలు పిసుకు సంవాహకుడు, లేవనెత్తు ఉత్థాపకుడు, పరుండబెట్టు సంవేశకుడు, మందులు నూఱువాడు. ఇచ్చట నేను ప్రతిపర్యాయమును కొంతసేపు ఆగుదును. లేవనెత్తుట వేఱు, పరుండబెట్టుట వేఱు అని కనిపెట్టి రెండింటికి రెండు పేర్లు పెట్టిన మహానుభావుడు తాళపత్రములమధ్య మాత్రమే కాలము గడపినవాడు కాడు. రోగి మంచముచెంత రాత్రులు మేల్కొన్నవాడు. లేపునప్పుడు నడుమునకును, పరుండబెట్టునప్పుడు మెడకును చేయి యడ్డము పెట్టవలెననియు, మొదటిదానికి బలమును రెండవదానికి నిదానమును వలయుననియు, చేసిచూచినవారికే గాని తెలియదు.

పట్టిక అంతటితో ముగియదు. పాటయు వాద్యమును నేర్చినవారు, గాథలును ఆఖ్యాయికలును ఇతిహాసపురాణములును చెప్పగలవారు, రోగి మనోభావ మెఱిగినవారు, దేశకాలము లెఱిగి మెలగువారు తోడుండవలెనట. రోగి యొంటరితనము గూడ చికిత్సచేయవలసినదే యని ఆ కాలమువారు గ్రహించిరన్నమాట. ఆపైన పాడియావు. అది సాధువై, రోగములేనిదై, దూడ బ్రదికియున్నదై యుండవలెననియు, దానికి గడ్డియు నీళ్లును కొట్టమును చక్కగా అమర్చవలెననియు గూడ వ్రాసినారు. ఆవునకు భోజన వసతి చెప్పిన గ్రంథము మనిషి జీతమును చెప్పకపోవుట గమనింపదగినది. ఇదంతయు రాజులకును రాజసమానులకును గదా యని చదువరి అనుకొనునంతలోనే, ఇట్టి పరికరములు అందఱికిని ఉండవనియు, దారుణరోగములు దరిద్రులను విడిచిపెట్టవనియు, వారు తమ శక్తికొలది దొరకినదానితో చికిత్స పొందవలెననియు చరకుడే చెప్పి ఊరకొన్నాడు. దరిద్రుని లేవనెత్తు ఉత్థాపకు డెవడో చెప్పలేదు. చెప్పనక్కఱలేదు; అది భార్యయో, తల్లియో, కోడలో.

అదే సంహితలో తొమ్మిదవ యధ్యాయము చికిత్సకు నాలుగు పాదములను చెప్పును: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణములు. పరిచారకునకు ఉపచారజ్ఞత, దాక్ష్యము, యజమానునియందు అనురాగము, శౌచము. సుశ్రుతుడు ఇంకను నిక్కచ్చిగా మాటలాడెను: స్నేహము గలవాడు, అసహ్యించుకొననివాడు, బలము గలవాడు, రోగిని కాపాడుటయందు లగ్నమైనవాడు, వైద్యుని మాట జవదాటనివాడు, అలయనివాడు. అసహ్యింపకుండుటను గుణములలో చేర్చుటకు అనుభవము కావలెను. దానిని దాచక వ్రాయుటకు ధైర్యమును కావలెను. నేటి ప్రకటనలు ఆ మాటచుట్టు తిరుగును గాని దాని నుచ్చరింపవు. అయినను ‘వైద్యుని మాట జవదాటనివాడు’ అను విశేషణము గంటము పట్టినవా డెవడో పట్టియిచ్చుచున్నది. రోగికి చెప్పిన నాలుగు గుణములలో ఒకటి ‘జ్ఞాపకత్వము’. తెలుగున జ్ఞాపకమనగా గుర్తుంచుకొనుట; చరకుని ప్రయోగమున దాని యర్థము తెలియజెప్పుట. తన రోగమెట్లున్నదో వైద్యునకు తేటగా చెప్పగల శక్తి. అనగా రోగికి నోరిచ్చిరి; కాని ఆ నోరు వ్యాధినిగూర్చి పలుకుటకే. తన్ను ఎట్లు లేపవలెనో, ఎప్పుడు లేపవలెనో పలుకుట కది యీయబడలేదు.

ఇంచుమించు ఈ విషయమునే బౌద్ధుల వినయపిటకమందలి మహావగ్గ మొక కథగా చెప్పును. బుద్ధుడు ఆనందునితో గూడి విహారమున భిక్షువుల వసతులు చూచుచు పోవుచుండగా, అతిసారముతో బాధపడుచు తన మలమూత్రములలోనే పడియున్న యొక భిక్షువు కనబడెను. నీ కెవరును పరిచర్యచేయరా యని యడుగగా, తాను ఇతరభిక్షువులకు ఏ యుపకారమును చేయలేనివాడు గనుక వారెవరును తన్ను చూడరని అతడు చెప్పెను. బుద్ధుడు నీళ్లు పోసెను, ఆనందుడు కడిగెను, ఒకరు తలవైపును ఒకరు కాళ్లవైపును పట్టి అతనిని మంచముపై పరుండబెట్టిరి. పిమ్మట సంఘమును పిలిపించి, మీకు తల్లిలేదు, తండ్రిలేడు, మీరొకరినొకరు చూచుకొనకున్న మిమ్మెవరు చూతురని మందలించి, తనకు సేవచేయగోరువాడు రోగికి సేవచేయవలసినదని శాసించెను. అంతట రెండు పట్టికలు వెలువడినవి. మందు సిద్ధపఱచనేర్చుట, రోగికి హితమేదియో అహితమేదియో తెలియుట, లాభాపేక్షతో గాక మైత్రితో సేవించుట, మలమూత్రములను ఉమ్మిని వాంతిని ఎత్తుటకు రోయకుండుట, వేళయెఱిగి మంచిమాటలతో ధైర్యము చెప్పుట అను అయిదును మంచి పరిచారకుని గుణములు. రెండవ పట్టిక రోగిది. పరిచర్యకు సుకరుడగు రోగి హితమైనదానిని చేయును, దానియందును మితమెఱుగును, మందు పుచ్చుకొనును, నొప్పి నోర్చుకొనును. అన్నిటికంటె ముఖ్యముగా, తన హితము కోరు పరిచారకునకు వ్యాధి పెరిగినచో పెరిగినదనియు, తగ్గినచో తగ్గినదనియు, నిలిచియున్నచో నిలిచియున్నదనియు నిజము చెప్పును.

పరిచారకుని పట్టిక ప్రక్కన పరిచర్య పొందువాని పట్టికను గూడ ఉంచిన గ్రంథము, నాకు తెలిసినంతలో, మఱియొకటి యింత స్పష్టముగా లేదు. జీతము మాటయు అచ్చట కలదు. మరణించిన భిక్షువు వస్తువులకు సంఘమే స్వామి యైనను, పరిచర్యచేసినవారి యుపకారము పెద్దది గనుక, అతని భిక్షాపాత్రమును మూడు చీవరములును వారికి చెందునట్లు విధించిరి. భిక్షువును శ్రామణేరుడును కలసి సేవచేసినచో శ్రామణేరునకును సమభాగమే. సంఘమున చిన్నవాడైనను మంచముచెంత చిన్నవాడు కాడు.

శాసనముల కాలమునకు వచ్చునప్పటికి పట్టికలోనికి ధాన్యపు కొలత ప్రవేశించినది. అంతకుముందు అశోకుడు, మన కర్నూలుసీమలో ఎఱ్ఱగుడి బండలపైన గూడ చెక్కించిన శాసనములలో, మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పఱచితినని చెప్పుకొనెను. మూలికలను చెప్పెను, చెట్లను చెప్పెను, బావులను చెప్పెను, సేవచేయు మనిషిని చెప్పలేదు. పదునొకండవ శతాబ్దమున వీరరాజేంద్రచోళుని కాలమునాటి తిరుముక్కూడల్ శాసనమున ఆ మనిషి కనబడును. పాలారు నది మఱి రెండు నదులతో కూడుచోట నున్న వేంకటేశపెరుమాళ్ల యాలయములో, వేదపాఠశాలకును విద్యార్థుల వసతికిని చేరువగా, వీరచోళుని పేర పదునైదు మంచముల ఆతురశాల యుండెడిది. వైద్యునకు సాలుకు 90 కలముల వడ్లును 8 కాసులును. శల్యక్రియ చేయువానికి 30 కలములు. మూలికలు తెచ్చి మందులు కాచు ఇద్దఱికి కలిపి 60 కలములును 2 కాసులును. రోగులకు మందిచ్చి పరిచర్యచేయు ఇద్దఱు స్త్రీలకు కలిపి 30 కలములును 1 కాసును. అనగా రాత్రింబవళ్లు మంచములచెంత నుండు స్త్రీకి వైద్యుని కూలిలో ఆఱవవంతు ధాన్యమును, పదునాఱవవంతు నాణెమును. ఈ నిష్పత్తిని చూచి వేయేండ్లనాటివారిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు. నేడు మన నగరములలో ఇంతకంటె మేలుగా ఉన్నదని చెప్పగలవారు చెప్పవచ్చును.

తెలుగునాట కాకతీయుల కాలమున, 1261 నాటి మల్కాపుర శాసనము విశ్వేశ్వరశంభువునకు మందడము, వెలగపూడి గ్రామములను దానమిచ్చి, ఆ యాదాయమునుండి మఠముతోపాటు ప్రసూతిశాలయు ఆరోగ్యశాలయు నడుపుటకు ఏర్పాటుచేసినది. ఆ వెలగపూడియే నేడు ఆంధ్రప్రదేశ సచివాలయ మున్న చోటు. రుద్రమదేవినాడు ప్రసవవేదన పడు స్త్రీకి ఆదాయము పంచిన యూరిలో నేడు దస్త్రములు మోయువారిని ‘అటెండరు’ అని పిలుచుచున్నారు. ఆ ఆంగ్లశబ్దమునకు మూలార్థము దగ్గఱనుండి కనిపెట్టుకొని యుండువాడనియే.

రాజాస్థానములలో మఱియొక పద్ధతి. తాంబూలపుసంచి మోయువారు అడపమువారు, ఉమ్మివేయు పాత్ర పట్టువారు కాళాంజివారు, వీచువారు వింజామరలవారు. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క మనిషి. అచ్చట పట్టిక వ్రాయనక్కఱలేదు. చేతిలోని వస్తువే పట్టిక. పల్లెలలో అంతకంటెను తక్కువ వ్రాత. పురిటికి మంత్రసాని, పసిబిడ్డకు దాది, తలపనికిని ఒడలుపట్టుటకును మంగలి, మైలబట్టలకు చాకలి. అందఱికిని కళ్లమువద్ద మేర కొలిచియిచ్చెడివారు. ఎవరి పని యేదియో కులమే చెప్పుచుండెను గనుక కాగిత మవసరము కాలేదు. కాదనుటకు కాగితము లేదు గనుక కాదనుటయు లేదు. ఇంటిలోపలి పనికి ఆ మేరయు లేదు. పుట్టింటికి తిరిగివచ్చిన వితంతువగు ఆడపడుచు, చిన్నకోడలు, పెండ్లికాని కూతురు: ఈ దేశమున మంచముపట్టినవారిని ఎత్తిదింపిన చేతులలో అధికభాగము వీరివే. వీరినిగూర్చి ఒక్క శాసనమును లేదు.

పోర్చుగీసువారు మనకు వదలిపోయిన మాటలలో ‘ఆయా’ యొకటి. తెల్లదొరల బంగళాలలో పిల్లలను, దొరసానులను కనిపెట్టుకొని యుండు స్త్రీకి ఆ పేరు స్థిరపడినది. అప్పటినుండి పట్టిక అచ్చుయంత్ర మెక్కినది. ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ అను ఇద్దఱు దొరసానులు 1888 లో వెలువరించిన గృహనిర్వహణగ్రంథమున బంగళాలోని నౌకరులందఱి విధులును, ఆయా విధులతో సహా, వివరముగా వ్రాయబడినవి. పని మానునప్పుడు దొరసాని వ్రాసియిచ్చు గుణపత్రమును, మన చిట్టీ యను మాటనే వారు గైకొని, ‘చిట్’ అనిరి. ఆ చీటీలను గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకొని, క్రొత్తబంగళా గుమ్మమున నిలిచి చూపు ఆయాలలో పెక్కుమందికి వానిలో ఏమున్నదో చదువుట రాదు. తన్నుగూర్చి యొరులు వ్రాసినదానిని తాను చదువలేక, దానిపైననే బ్రదుకు నడుపుకొనిన స్త్రీని తలచుకొనుడు. ఓడప్రయాణములలో పిల్లలను సాకుచు ఇంగ్లండువఱకు పోయి, అచ్చట పనినుండి తొలగింపబడి, తిరుగుప్రయాణమునకు దారిలేక నిలిచిపోయినవారికై లండనులో ఆయాల వసతిగృహ మొకటి వెలసినది. 1900 నుండి అది హాక్నీ ప్రాంతమున, కింగ్ ఎడ్వర్డ్ రోడ్డున నడిచినది. 2022 లో ఆ యింటిగోడకు నీలిరంగు స్మారకఫలకము తాపబడినది.

ఫ్లారెన్స్ నైటింగేలమ్మ 1860 లో లండనున సెయింట్ థామస్ ఆసుపత్రిలో పాఠశాల స్థాపించి పరిచర్యను వృత్తిగా నిలువబెట్టిన కథ సుప్రసిద్ధము. దానిని మఱల చెప్పను. మన ప్రసంగమునకు కావలసిన దొక్కటే: ఆ మహనీయురాలి సంస్కరణము తరువాతను పట్టిక వైద్యశాలదే. మంచముమీదివాడు ‘పేషెంటు’, ఆంగ్లమున ఆ మాటకే ఓర్చుకొనువాడని యర్థము.

ఓర్చుకొనుట మానినవాడు కాలిఫోర్నియాలో పుట్టెను. ఎడ్ రాబర్ట్స్ 1939 లో జన్మించి, 1953 లో, పదునాలుగవయేట, పోలియో వాతబడినాడు. మెడక్రింది శరీరము దాదాపు పూర్తిగా చచ్చుబడెను. రాత్రులు ‘ఇనుప ఊపిరితిత్తి’ యను పెద్దగొట్టమువంటి యంత్రములో తల మాత్రము వెలుపలనుంచి పడుకొనవలెను. పగలు కప్పవలె గాలిని గుటకవేసి మ్రింగు నొక యుపాయముతో ఊపిరి సాగింపవలెను. ఉన్నతపాఠశాల చదువు ముగించినను, వ్యాయామమును కారు నడుపుటయు నేర్చుకొనలేదు గనుక పట్టా యీయమని అధికారులు పట్టుబట్టగా, అతని తల్లి జోనా పోరాడి తెప్పించెను. ఉద్యోగమునకు అర్హుడగుట అసంభవమని పునరావాసశాఖవారు మొదట సాయము నిరాకరించిరి. ఎట్టకేలకు 1962 లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున చేరెను. యంత్రము పట్టు గది విద్యార్థుల వసతిగృహములలో లేకపోవుటచే విశ్వవిద్యాలయమువారి కావెల్ ఆసుపత్రిలో గది యిచ్చిరి. మరుసటియేడు జాన్ హెస్లర్ వచ్చెను. ఆ దశాబ్దాంతమునకు అట్టి విద్యార్థులు పండ్రెండుగురివఱకు అయిరి. తమ్ముతాము ‘రోలింగ్ క్వాడ్స్’ అని, అనగా నాలుగంగములును చచ్చుబడి చక్రములపై దొర్లువారమని, పరిహాసముగా పిలుచుకొనిరి.

ఆసుపత్రిలో నివసించినను వారు రోగులు కారు. చరిత్ర మలుపు తిరిగిన చోటు ఇదియే. తమ్ము లేపి, కడిగి, దుస్తులు తొడిగి, చక్రాలకుర్చీలో కూర్చుండబెట్టి తరగతికి పంపువారిని వారే వెదకుకొనిరి, వారే నియమించిరి, కుదరనప్పుడు వారే తొలగించిరి. జీతము రాష్ట్రసంక్షేమనిధినుండి వచ్చెను. యజమానత్వము మాత్రము వారిదే. తోటివిద్యార్థులలో డబ్బు కావలసినవారు పనికి చేరిరి. వారికి నర్సుల శిక్షణ లేదు. అది కొఱతయని లోకమనుకొనగా, ఆ యువకులు అదియే మేలనిరి. శిక్షణ పొందినది తనకు వచ్చినట్లు చేయును. ఏమియు తెలియనివాడు తాము చెప్పినట్లు చేయును. చరకుడు వైద్యునకు చెప్పుటకై రోగి కిచ్చిన జ్ఞాపకత్వమును వీరు పరిచారకునివైపు త్రిప్పిరి. 1970 లో విశ్వవిద్యాలయమున వికలాంగవిద్యార్థుల సహాయకార్యక్రమమును, 1972 లో బర్క్‌లీ పట్టణమున ‘సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్’ అను సంస్థయు వెలసినవి. చక్రాలకుర్చీలు బాగుచేయుటయు, సహాయకులను వెదకి చూపుటయు వాని ముఖ్యమైన పనులు. 1975 లో రాబర్ట్స్, తన్ను పనికిరానివానిగా ఎంచిన ఆ పునరావాసశాఖకే అధిపతిగా నియమితుడయ్యెను. కథలలో చదివినచో నమ్మము.

స్వయముగా మనిషిని కుదుర్చుకొనువాడు తన పనిని స్వయముగా వ్రాయవలసివచ్చును. ఆ పద్ధతిలో సిద్ధమగు పట్టికలు మన చిన్నప్రకటనకు తలక్రిందులు. పనులన్నియు గంటలవారీగా నుండును: ఉదయము లేపుటకు ఇంతసేపు, స్నానమున కింతసేపు. నా బరువింత, నన్నెత్తు పద్ధతి యిది, మొదట ఈ చేయి, తరువాత ఆ కాలు. మలవిసర్జనకు సాయము కావలెను. అది చేయలేనివారు ముందే చెప్పవలెను. వంటలో ఉప్పు నేను చెప్పినంత. జీత మింత, సెలవులివి, నీవు రానినాడు వచ్చువా రెవరు. చేయకూడనివియు ఉండును: నా బల్లమీది వస్తువులను సర్దవద్దు, నా యింటిమాట వెలుపల చెప్పవద్దు, ఎవరైనను నన్నుగూర్చి నిన్నడిగినచో నీవు బదులుచెప్పక వారిని నన్నే యడుగనిమ్ము. ఈ చివరిదానిని చదివినప్పుడు, మన యాసుపత్రులలో వైద్యులు మంచముమీదివారిని వదలి ప్రక్కనున్నవారితో “రాత్రి నిద్రపట్టిందా అండీ ఈయనకు?” అని యడుగుట జ్ఞాపకమునకు రాకమానదు. ఇది తెలుగు జ్ఞాపకము.

ఈ యువకులు యజమానులైనంతమాత్రమున పరిచారకుల కష్టములు తీఱినవని చెప్పజాలను. సంక్షేమనిధి జీతము చాలీచాలనిది. చదువు ముగియగానే విద్యార్థులు వెడలిపోయెడివారు. అయినను, 1977 ఏప్రిలున పునరావాసచట్టమందు వికలాంగుల హక్కులను చెప్పు 504 వ సెక్షన్‌కు నియమావళి వెలువరింపుమని సాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వభవనమును దాదాపు 150 మంది ఆక్రమించి మూడువారములకు పైగా కదలకున్నప్పుడు, వారితోపాటు నేలమీద పడుకొని, రాత్రులు ప్రక్క తిప్పి, నియమావళిపై సంతకము పడువఱకు నిలిచినవారిలో ఈ సహాయకులును ఉండిరి. బ్లాక్ పాంథర్ పక్షమువారు వేడియన్నము తెచ్చి పెట్టిరి.

ఆ పద్ధతి సముద్రములు దాటుటకు చిరకాలము పట్టలేదు. కాలిఫోర్నియాలో చదువుకొనునప్పుడు ఈ సౌకర్యమును అనుభవించిన అడాల్ఫ్ రాట్స్కా స్వీడనుచేరి 1984 లో స్టాక్‌హోమున సహకారసంఘము స్థాపించెను. 1994 నుండి అచ్చట స్వీయసహాయకుని పొందుట చట్టబద్ధమైన హక్కైనది. బ్రిటనున 1996 నాటి చట్టము, సేవకు బదులు సేవకు కావలసిన ధనమునే మనిషికి నేరుగా ఇచ్చుటకు వీలుకలిగించినది. ఐక్యరాజ్యసమితి 2006 లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 19 వ అధికరణము వ్యక్తిగతసహాయమును పేరుపెట్టి చెప్పినది; భారతదేశము 2007 లో దాని నంగీకరించినది. మన 2016 నాటి చట్టమున 5 వ సెక్షన్‌లో ఆ మాట కలదు; 24 వ సెక్షన్ సంరక్షకభృతిని గూడ పేర్కొన్నది, ప్రభుత్వముల ఆర్థికశక్తికి లోబడి. శాసనము చెక్కబడినది, వడ్లు కొలువవలసియున్నది.

మా మేనత్తగారు పక్షవాతము వచ్చి కుడిప్రక్క చచ్చుబడి మంచముపట్టినప్పుడు, ఇంతయు చదివిన నేనే, పత్రికకు పంపుటకు “చూచుకొనుటకు మనిషి కావలెను” అని వ్రాసితిని. నాలుగునెలలలో ముగ్గురు వచ్చి వెళ్లిరి. నాలుగవమారు కాగితమును ఆమె మంచముచెంతకు తీసికొనిపోయి, “అత్తయ్యా, ఏం కావాలో మీరే చెప్పండి” అంటిని. మాట తడబడుచున్నను ఆమె ఆలోచన తడబడలేదు. “నన్ను కదిపే ముందు, కదుపుతున్నానమ్మా అని చెప్పాలి నాయనా. గబుక్కున ఎత్తితే గుండె జారిపోతుంది. ఎడంచెయ్యి పనిచేస్తుంది, పళ్లు నేనే తోముకుంటాను, గ్లాసు పట్టుకుంటే చాలు. ఎవరన్నా చూడ్డానికి వస్తే నన్ను ముందు కూర్చోబెట్టి, తరువాత తలుపు తియ్యమను. కాఫీ చల్లారబెట్టి ఇవ్వొద్దు. ఆదివారం సగం పూట ఆ పిల్లకి సెలవు రాయి. నిద్రలేని మనిషి ఎత్తితే నాకే భయం.” ఇట్లు ఆఱంశములు తేలినవి. అంతటి ప్రకటన వేయుటకు పత్రికలో చోటు ఖరీదైనందున పాతవాక్యములు రెండే అచ్చుపడినవి; కాగితము మాత్రము వంటయింటి తలుపువెనుక అంటించితిమి. చేరినయామె మొదటిదినమున దానిని ముందు తనలో తాను, పిమ్మట పైకి చదివెను. వారము గడచినపిదప చూడగా, ఆఱవ యంశము క్రింద, పెన్సిలుతో, వేఱు చేతివ్రాతలో, ఏడవది యొకటి చేరియున్నది: “మంచం పొట్టిగా ఉంది. వంగి ఎత్తలేకపోతున్నా. ఇటుకలు పెట్టాలి.” ఆ సాయంకాలమే ఎనిమిది ఇటుకలు తెప్పించి, కాలికి రెండేసి చొప్పున పెట్టించితిమి.